కుర్చీలో రాసిన పద్దెనిమిది

ఫ్యాక్టరీకి రెండు గేట్లు. ఇంటి నుంచి ముందు గేటుకి పది నిమిషాల నడక. వెనక గేటుకి పాతిక నిమిషాలు, అదీ లారీలు తిరిగే గతుకుల దారిన. టంచను అయిదేళ్ళకి పైగా వెనక గేటులోంచే డ్యూటీకి వెళ్తున్నాడు. రెండు మోకాళ్ళలోనూ గుజ్జు అరిగిపోయిందని డాక్టరు ఎక్స్‌రే ఎత్తి చూపించాక కూడా దారి మార్చలేదు.

అతని అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా లేదు. చెప్పిన పని చెప్పిన నిమిషానికి టంచనుగా చేస్తాడని తోటి ఆపరేటర్లు ఎప్పుడో పెట్టిన పేరు అలాగే అతుక్కుపోయింది. ఆ పేరుకి లోలోపల మురిసిపోయేవాడు. పైకి చూపించే మనిషి కాదు.

ముందు గేటులో పొడుగాయన కూర్చుంటాడు. ఆ గేటు మీద కోపం అందుకే.

ఆ పొద్దున కూతురు జడ వేసుకుంటూనే మొదలుపెట్టింది.

"నాన్నా, ఇవాళైనా నాతో రా. ఆ గతుకుల్లో పడ్డావంటే నిన్ను మోసుకొచ్చే ఓపిక నాకు లేదు."

"మొయ్యొద్దులే. డ్రమ్ములు మోస్తున్నావుగా, చాలు."

"డ్రమ్ములు నయం. తోస్తే దొర్లుతాయి. నువ్వు దొర్లవు కూడా."

"ఆ మనిషి మొహం చూసి లోపలికి పోవడం నీకు చేతనవుతుంది. నాకు చేతకాదు."

"చూడ్డమే కాదు, నమస్కారం కూడా పెడతా. తలొంచుకుని కూర్చుంటాడు పాపం. ఎన్నాళ్ళని..."

"మీ అమ్మనడుగు ఎన్నాళ్ళో."

కూతురు జడకొసకి రబ్బరు బ్యాండు బిగించింది. టిఫిన్ డబ్బాలు సర్దుతూ ఆమే మళ్ళీ అంది.

"నా నడుం నొప్పి ఎలా ఉందని నువ్వెటూ అడగవు, నేనే చెప్తున్నా. తగ్గింది. టీ టైములో అందరం ట్యాంకు గోడకి వీపులు ఆనించి కూర్చుంటున్నాం. కాపడం పెట్టినట్టు ఎంత హాయిగా ఉంటుందో."

టంచను బూట్ల తాళ్ళు కట్టుకుంటున్నాడు. విన్నాడు. బుర్రకెక్కించుకోలేదు. పొడుగాయనకి నమస్కారం పెట్టే కూతురి చేతుల మీదే ఉంది అతని ధ్యాస.

ఆరేళ్ళ కిందట టంచను భార్య కూడా అక్కడే, డ్రమ్ములు నింపే షెడ్డులో పనిచేసేది. ఒక మధ్యాహ్నం గొట్టం మార్చాల్సి వచ్చింది. విప్పే ముందు గొట్టంలో ఏమీ లేదని, వెనక వాల్వు మూసి ఉందని ఆపరేటరు వెళ్ళి చూసి సంతకం పెట్టాలి. అప్పుడు ఆపరేటరు పొడుగాయన. వెళ్ళలేదు. కుర్చీలోంచే సంతకం పెట్టాడు. ఆమె బోల్టులు వదులు చేసింది. లోపల ఒత్తిడి మీదున్న సరుకు మొహానికి కొట్టింది. రెండో రోజు ఆసుపత్రిలో పోయింది.

పొడుగాయనని ఆరు నెలలు ఇంట్లో కూర్చోబెట్టారు. ఆ తర్వాత గేటు దగ్గర కూర్చోబెట్టారు. "కూర్చోవడమే గదా వాడికి వచ్చిన పని" అన్నాడు టంచను. అతని గురించి ఫ్యాక్టరీలో అన్న ఆఖరి మాట అది. ఆ సంతకం కాయితం నకలు ఇంట్లో పెట్టె అడుగున ఉంది. గుండ్రటి అక్షరాలు, ముచ్చటైన చేతిరాత. 'గొట్టం ఖాళీ. వాల్వు మూసి ఉంది.'

తల్లి పోయిన ఏడాదికి ఆ ఉద్యోగమే కూతురికిచ్చారు. వద్దన్నాడు. వినలేదు.

ఆరింటికి అయిదు నిమిషాల ముందు టంచను కంట్రోల్ రూములో ఉన్నాడు. అప్పటిదాకా డ్యూటీలో ఉన్న ఆపరేటరు, బూరె బుగ్గలవాడు, బ్యాగు భుజానికి తగిలించుకుని సిద్ధంగా ఉన్నాడు. అందరూ బుగ్గలనే పిలుస్తారు.

"అంతా బాగే బాబాయ్. రెండో పంపు కాస్త మూలుగుతోంది, నా పెళ్ళాంలా. మిగతావన్నీ నోరు మూసుకునే ఉన్నాయి."

"ట్యాంకు?"

"పద్దెనిమిది. అదెక్కడికి పోతుంది? రాయిలా కూర్చుంది."

బుగ్గలు వెళ్ళిపోయాడు. టంచను కుర్చీ లాక్కుని రిజిస్టరు ముందుకి తీసుకున్నాడు.

షెడ్డు వెనకున్న పెద్ద ట్యాంకులో ప్లాస్టిక్కు తయారీకి కావలసిన మూలసరుకు ఉంటుంది. చల్లగా ఉన్నంతసేపు నీళ్ళలా బుద్ధిగా పడుంటుంది. వేడి తగిలితే తనలో తానే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. గడ్డకట్టే కొద్దీ ఇంకా వేడెక్కుతుంది. ఓ హద్దు దాటాక ఎవరి మాటా వినదు, ట్యాంకుని చీల్చుకునే బయటికొస్తుంది. అందుకని దాని చుట్టూ గొట్టాల్లో చల్లనీళ్ళు తిప్పుతారు. ఎప్పుడూ ఇరవై డిగ్రీలు దాటకూడదు. ట్యాంకు నెత్తిన వేడిని చూపించే ముల్లు మీటరొకటి ఉంది. రెండు గంటలకోసారి ఆపరేటరు నలభై రెండు మెట్లెక్కి, అది చూసి, దిగొచ్చి రిజిస్టరులో రాయాలి.

రిజిస్టరు కంట్రోల్ రూములో ఉంటుంది, కుర్చీ పక్కన. మీటరు ట్యాంకు మీద ఉంటుంది.

ఆ మధ్య చినుకులు పడుతున్న ఒక రోజు టంచను మొదటి మెట్టు మీద కాలు పెట్టి తీసేశాడు. మెట్లు తడిగా ఉన్నాయి, మోకాలు కలుక్కుమంది. పై వరసలో పద్దెనిమిది ఉంది. ఆ పైనా పద్దెనిమిదే. తనూ పద్దెనిమిదని రాశాడు. ఏమీ కాలేదు. మర్నాడు ఎండ కాసింది. మోకాలు మాత్రం అలాగే ఉంది.

టైము మాత్రం తప్పలేదు. ఆరు, ఎనిమిది, పది, పన్నెండు. గడియారం ముల్లు అంకె మీదికి రాగానే రాసేవాడు. టంచనుగా.

ఆ రోజు ఆరింటికి రాశాడు. ఎనిమిదింటికీ రాశాడు.

ఎనిమిదిన్నరకల్లా కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాడు. ఎందుకో తెలియలేదు. పొద్దున కూతురితో పడ్డ గొడవనుకున్నాడు. లేచి మంచినీళ్ళు తాగాడు. కూర్చున్నాడు. మూలిగే పంపు దగ్గరికెళ్ళి చెవి పెట్టి విన్నాడు. అది మూలుగుతూనే ఉంది. తిరిగొచ్చి కూర్చుంటే ఈగేదో చెవిలో దూరినట్టు, మాటొకటి తిరుగుతోంది గానీ పట్టు దొరకడం లేదు.

తొమ్మిదిన్నరకి షెడ్డులో టీ గంట కొట్టారు. కిటికీలోంచి చూశాడు. పదకొండు మంది ఆడవాళ్ళు గ్లాసులు పట్టుకుని ట్యాంకు పక్కకి చేరారు. పైరేకు ఊడిపోయిన చోట ఇనప గోడ బయటపడి ఉంది. దానికి వీపులు ఆనించి వరసగా కూర్చున్నారు. చివర అతని కూతురు. కళ్ళు మూసుకుని, పొయ్యి పక్కన పిల్లిలా.

కాపడం.

ఆ గోడ చల్లగా ఉండాలి. చెమట పట్టి నీళ్ళు కారాలి. ఆరేళ్ళ కిందట అతని భార్య మంచినీళ్ళ సీసా అక్కడే ఆనించి పెట్టేది. ఎండాకాలం ఆ నీళ్ళు తాగితే పళ్ళు జివ్వుమనేవి. ఇంటికి తెచ్చి అతనికీ ఇచ్చేది.

టంచను రిజిస్టరు మూయకుండానే బయటికి నడిచాడు. మెట్లెక్కాడు. ఇరవయ్యో మెట్టు దగ్గర కుడి మోకాలు మొరాయించింది. కమ్మీ పట్టుకుని చేతుల బలంతో ఒళ్ళు పైకి లాక్కున్నాడు. నలభై రెండో మెట్టు.

మీటరు లేదు.

ముల్లు ఆగిపోలేదు, అద్దం పగిలిపోలేదు. అసలు మీటరే లేదు. అది ఉండాల్సిన చోట బెజ్జంలో నూనె గుడ్డ కుక్కి ఉంది. పక్కనే తీగతో కట్టిన అట్టముక్క. 'పరీక్షకి తీసుకెళ్ళాను.' కింద తేదీ. అయిదు రోజుల కిందటిది.

అతను ఆ అట్టముక్కని రెండుసార్లు చదివాడు. అరచేయి ట్యాంకు పైరేకు సందులోంచి లోపలి ఇనుముకి ఆనించాడు. జ్వరమొచ్చిన బిడ్డ నుదురులా ఉంది.

ఎలా దిగాడో అతనికే తెలియదు. నేరుగా షెడ్డులోకి పోయాడు.

"లేవండి. అందరూ ముందు గేటు దగ్గరికి నడవండి. ఇప్పుడే."

"ఏంటి మామా, టీ అయినా తాగనివ్వవా?" అంది ఒకావిడ.

"గ్లాసుతోనే పో."

"నాన్నా, ఏమైంది?" కూతురు లేచి నిలబడింది. "సగం డ్రమ్ముంది నాది, మూత పెట్టి..."

"మూతా వద్దు, గీతా వద్దు. వాల్వు నేను కడతా. నడువమ్మా."

'అమ్మా' అని అతను కూతుర్ని పిలిచి చాలా ఏళ్ళయింది. ఆమె ఇంకో మాట అడక్కుండా మిగతావాళ్ళని తోలుకుపోయింది.

షిఫ్టు ఇన్‌చార్జి అతని కూతురి ఈడు మనిషి. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. టంచను చెప్పింది విని ముందు రిజిస్టరు తీసింది.

"బాబాయ్ గారూ, ఎనిమిదింటికి పద్దెనిమిదుంది గదా."

"ఉంది."

"మీరే రాశారు."

"నేనే రాశాను. అది అబద్ధం."

"ముందు రోజువి?"

"అన్నీ అబద్ధాలే. పైన మీటరే లేదు. తర్వాత తిడుదురుగాని, ముందు థర్మామీటరు తెప్పించండి."

మీటర్ల మెకానిక్కు పరుగెత్తుకొచ్చాడు. పొడుగాటి థర్మామీటరుకి దారం కట్టి బెజ్జంలోకి వదిలారు. టంచను మెట్ల మీదే కూర్చుని గడియారం చూస్తున్నాడు. అయిదు నిమిషాలు. పైకి లాగారు.

ముప్ఫై ఆరు.

"ఇంకోసారి పెట్టు" అంది ఇన్‌చార్జి. పది నిమిషాలాగి మళ్ళీ లాగారు. ముప్ఫై ఏడు.

"మేడం, సైరను."

"మేనేజరు గారికి ఒక మాట చెప్పి..."

"మీరు చెప్తూ ఉండండి. సైరను నేను నొక్కుతా. నొక్కింది నేనేనని రాసుకోండి."

ఆమె ఒక్క క్షణం అతని మొహంలోకి చూసి తనే వెళ్ళి నొక్కింది. ఫ్యాక్టరీ అంతా ఉలిక్కిపడింది. మనుషులు చేతిలో పనులు వదిలేసి ముందు గేటు వైపు నడిచారు. మంటలార్పే సిబ్బంది గొట్టాలు లాక్కొచ్చి ట్యాంకు మీద నీళ్ళు చిమ్మడం మొదలుపెట్టారు.

చల్లనీళ్ళ పంపు తిరుగుతూనే ఉంది. నీళ్ళు ట్యాంకు దాకా పోవడం లేదు. టంచను గొట్టం దారే పట్టుకుని పోయి ఫిల్టరు దగ్గర ఆగాడు. మెకానిక్కు, తనూ కలిసి మూత విప్పారు. లోపలి జల్లెడ నిండా తుప్పూ పాచీ గడ్డకట్టి, మురిక్కాలవ మూతిలా ఉంది. వేళ్ళతో గీకాడు. గోరు ఊడింది. నెత్తురు తుడుచుకోలేదు.

"ట్యాంకు మీద మీటరు ఎప్పుడు విప్పావురా?" అన్నాడు గీకుతూనే.

"అయిదు రోజులయింది మామా. పదకొండింటికి."

"నా షిఫ్టులో?"

"మీ షిఫ్టులోనే. కంట్రోల్ రూము గుమ్మంలోంచి చెప్పాను గదా. ట్యాంకు మీటరు తీస్తున్నా, తిరిగి బిగించేదాకా లెక్క రాయొద్దని. మీరు తలూపారు."

టంచను గీకడం ఆపాడు. తలూపడం అతనికి గుర్తు లేదు. ఊపే ఉంటాడు. పన్నెండింటికి పద్దెనిమిది రాసే ఉంటాడు.

"మరి నువ్వు ఓ కాయితం రాసివ్వొచ్చుగా?"

"మీరు తలూపాక ఇంక కాయితం ఎందుకనుకున్నా. మీరు టంచను గదా."

జల్లెడ కడిగి బిగించారు. గొట్టంలోకి నీళ్ళు గుబగుబా పోయాయి. సరుకు గడ్డకట్టకుండా ఆపే మందు రెండు డ్రమ్ములు దొర్లించుకొచ్చి పంపుతో ట్యాంకులోకి ఎక్కించారు. ఆ తర్వాత చెయ్యడానికేం లేదు, చూడ్డం తప్ప.

పది నిమిషాలకోసారి థర్మామీటరు చూడాలి. ఇన్‌చార్జి కుర్రాపరేటరొకణ్ణి పంపబోయింది. టంచను వినలేదు. అక్కడే నిలబడితే సరిపోయేది, కానీ పైన ఎక్కువసేపు ఎవరూ ఉండకూడదు. అందుకని ఎక్కాడు, దిగాడు, మళ్ళీ ఎక్కాడు. ముప్ఫై ఎనిమిది. ముప్ఫై ఎనిమిదిన్నర. ముప్ఫై ఎనిమిదిన్నర. మధ్యలో కింద కూర్చోవడానికి స్టూలు వేశారు. కూర్చోలేదు. ట్యాంకు చుట్టూ తిరిగాడు. కూతురు వీపు ఆనించిన చోట ఆగాడు. అక్కడ టీ గ్లాసొకటి పడి ఉంది, సగం టీతో. తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ ఎక్కాడు. ముప్ఫై ఎనిమిది.

మోకాళ్ళు ఎక్కడున్నాయో కూడా అతనికి తెలియడం మానేసింది.

ఒంటిగంట దాటాక ముప్ఫై నాలుగుకి దిగింది. ఇంక పైకి పోదని తేలాక ఇన్‌చార్జి గోడకి చేరగిలబడి కళ్ళు తుడుచుకుంది. అప్పటికి ఫోను అయిదారుసార్లు మోగింది.

కంట్రోల్ రూములో తలుపు మూసి ఆమె చెప్పింది.

"మేనేజరు గారు రిజిస్టరు తీసుకుని రమ్మంటున్నారు. బాబాయ్ గారూ, ఇవాళ ఇంతమంది ఇళ్ళకి పోతున్నారంటే మీ వల్లే. అదే రాస్తాను. ఆపరేటరు అనుమానపడి, పైకెక్కి, కనిపెట్టాడని."

"రాయండి. నిజమే గదా."

"మరి ఈ పద్దెనిమిదులు..." రిజిస్టరు మీద వేలు పెట్టింది. "మీటరు లేనప్పుడు మీరు చేత్తో ముట్టుకుని అంచనా వేసేవారని రాస్తే? ఎవరూ కాదనరు. మీ మాటంటే అందరికీ గురి."

టంచను బల్ల మీదున్న ఎర్ర పెన్ను తీసుకున్నాడు. అయిదు రోజుల పేజీలు తిప్పాడు. అరవై దాకా ఉన్నాయి పద్దెనిమిదులు, నాలుగైదు చేతిరాతల్లో. తనవి వెతకనక్కర్లేదు. నిటారుగా, పొందిగ్గా, గీత మీద కూర్చున్న అంకెలు. పెట్టె అడుగునున్న కాయితం గుర్తొచ్చింది. అవీ అందమైన అక్షరాలే.

తన అంకెల్లో ఒక్కోదాని చుట్టూ సున్నా చుట్టాడు. చివర లెక్క రాసి సంతకం పెట్టాడు. పంతొమ్మిది.

"మిగతావి ఎవరివో వాళ్ళే చుట్టుకుంటారు. చుట్టకపోతే నేను చెప్తాను" అన్నాడు. "ఆ ఫిల్టరు ఎన్నాళ్ళకోసారి విప్పాలో కూడా చూడండి. గోడ మీద కాయితంలో నెలకోసారని ఉంది. లోపలున్న పాచి నెలది కాదు."

"మీ మీద చర్య తీసుకుంటారు, తెలుసా?"

"తీసుకోకపోతే అదీ తప్పే."

అతను తలుపు దాకా వెళ్ళి ఆగాడు.

"మేడం, ఒకటడుగుతా. ఈ రిజిస్టరు ఇక్కడెందుకుంది?"

"అంటే?"

"మీటరు అక్కడుంటే, పుస్తకం కుర్చీ పక్కనెందుకు? దాన్ని పైన కట్టండి. వాన తగలకుండా రేకు డబ్బా పెట్టి, అందులో పెట్టండి. పెన్ను కూడా అక్కడే కట్టండి. రాయాలంటే ఎక్కాలి. ఎక్కలేనివాడు ఎక్కలేనని చెప్పి ఆ పని మానుకోవాలి. నాలాంటివాణ్ణి నమ్మకండి. మంచివాడని అసలే నమ్మకండి."

మెకానిక్కు చేత అప్పుడే రేకు డబ్బా వెతికించి పైన కట్టించింది ఆమె. టంచను ఆగి, తీగ గట్టిగా మెలి తిప్పారో లేదో చూసి వెళ్ళాడు.

సైరను మోగిన రోజు వెనక గేటు మూసేస్తారు. అందరూ ముందు గేటులోంచే పోవాలి, పోతూ పేరూ టైమూ రాయాలి. లోపల ఎవరైనా మిగిలిపోయారేమో తెలియడానికి. జనం దాదాపు వెళ్ళిపోయారు. కూతురు గేటు అవతల గోడ నీడన నిలబడి ఉంది.

పొడుగాయన కుర్చీలో లేడు. పొద్దుటి నుంచీ నిలబడే పేర్లు సరిచూస్తున్నాడట. జుట్టు నెరిసిపోయింది. ఆరేళ్ళలో టంచను ఇంత దగ్గరగా చూడలేదు. పుస్తకం ముందుకి జరిపి పెన్ను ఇచ్చాడు. మొహంలోకి చూడలేదు.

టంచను పెన్ను తీసుకున్నాడు. రాయలేదు.

"నేనూ రాశాను" అన్నాడు. "చూడకుండా."

"విన్నాను."

గేటు దగ్గర కుక్కొకటి నీడ కోసం చోటు మార్చుకుంది.

"ఎన్ని?" అన్నాడు పొడుగాయన.

"పంతొమ్మిది. దొరికినవి."

పొడుగాయన గేటు ఇనప చువ్వల వంక చూశాడు. మెల్లగా, ఎవరితోనూ కాదన్నట్టు అన్నాడు.

"నాది ఒక్కటే."

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే టంచను అతని చొక్కా పట్టుకునేవాడు. లెక్క చెప్పాడు, అంతే. ఆ ఒక్కదానికి మనిషి పోయింది. ఈ పంతొమ్మిదికీ ఎవరూ పోలేదు. అందులో టంచను గొప్పతనమేమీ లేదు. కూతురి నడుం నొప్పి, ఊడిన రేకు, అంతే.

అతను పొడుగాయనని క్షమించలేదు. ఆ ఒక్కటి ఎప్పటికీ ఒక్కటే, అది చెరగదు. పంతొమ్మిదీ చెరగవు. ఒకే పుస్తకంలో ఉన్నట్టే రెండూ.

"టైము" అన్నాడు పొడుగాయన.

షిఫ్టు రెండింటికి దిగుతుంది కాబట్టి అందరూ రెండని రాశారు. టంచను తలెత్తి గేటు గదిలో గోడ గడియారం చూశాడు.

"ఆ గడియారం నాలుగు నిమిషాలు వెనక."

"తెలుసు. చెప్పాను, బాగుచెయ్యలేదు" అని పొడుగాయన తన చేతి గడియారం తిప్పి చూపించాడు.

రెండు గంటల ముప్ఫై ఒక్క నిమిషం. టంచను అదే రాశాడు.

కూతురు ఎదురొచ్చి చేయందించింది. వద్దనలేదు. ఆమె చేతి మీద బరువు వేసి నాలుగడుగులు వేశాక అడిగింది.

"ఏమన్నాడు?"

"టైము చెప్పాడు."

"రేపు ఏ గేటు నాన్నా?"

అతను ఆగి మోకాలు నిమురుకున్నాడు.

"రేపు రానిస్తారో లేదో చూద్దాం" అన్నాడు. "రానిస్తే దగ్గరిదే. నడవలేను."